మా కాకకు బాలింత పథ్యం

ప్రపంచంలోని మెదడు డాక్టర్లందరినీ తక్కెడకు ఒక పక్కన, మా అవ్వ గంగమణిని ఇంకో పక్కన కూర్చోబెడితే, డాక్టర్లంతా గాల్లోకి లేచి మార్కెట్ యార్డు రేకులకు తలలు కొట్టుకుంటారు. నేను చెప్పేది బరువు సంగతి కాదు, అదీ కొంత ఉందనుకోండి. తలకాయ పగిలిన మనిషికి ఏం చేయాలో మా అవ్వకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఆర్మూరులో మా వాడంతా నమ్మింది. అందరికన్నా ఎక్కువగా అవ్వ నమ్మింది. మా కొంప అక్కడే మునిగింది.

కాక అంటే మా నాయన తమ్ముడు, దేవిదాస్. అవ్వకు చిన్న కొడుకు. యార్డులో పసుపు లారీల మీద బస్తాలు సర్దేవాడు. పంట దిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం, లారీ మీద పట్టా కప్పి తాడు బిగిస్తుంటే తాడు తెగింది. వెల్లకిలా సిమెంటు మీద పడ్డాడు. నిజామాబాద్ దవాఖానలో తలకు ఆపరేషన్ చేసి, ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు. కళ్లు తెరిచేవాడు, పెడితే మింగేవాడు, అంతే. మనిషిని చూసినా గోడను చూసినట్టే చూసేవాడు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా నాయన మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో మిగిలింది బీడీలు చుట్టే అవ్వ, ఇంటర్ సగంలో వదిలేసి ఆ బీడీలను చెడగొట్టే నేను.

అవ్వ తన జన్మలో దగ్గరుండి చూసిన కష్టాలన్నీ కాన్పులే. వాడలో సగంమంది ఆమె చేతుల్లోకే వచ్చి పడ్డారు. కన్న ఒళ్లు పచ్చి ఒళ్లు. దానికి గాలి సోకరాదు, చప్పుడు తగలరాదు, కొత్త మొహం కనపడరాదు. కాకను చూడగానే అవ్వ తీర్పు చెప్పేసింది.

"పచ్చి ఒళ్లు ఎట్లనో పచ్చి తలకాయ గట్లనే. కోసి కుట్టిండ్రు. జర గాలి సోకినా సక్కగ మెదట్లకే పోతది."

దాంతో ఆరడుగుల మా కాక బాలింత అయ్యాడు. చెవుల్లో దూది, తలకు ఉన్ని రుమాలు, వెనక అర్రలో మంచం, మంచం కింద సాంబ్రాణి పొగ. కిటికీకి దుప్పటి కట్టేసింది. మా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లను పక్క వీధికి తరిమింది. కూస్తోందని కోడిపుంజును కూర వండేసింది. ఆ కూర మాత్రం బాగుంది.

"అవ్వా, కాకకు పిల్లనా, పిలగాడా? చెప్పకపోతివి," అన్నాను ఒకరోజు.

"నోరు ముయ్యే పోరీ, లొల్లి పెట్టకు! వాని మెదడు అతుకాలె," అంది. అంటూనే కొంగు కళ్లకు అద్దుకుంది. నేను నిజంగానే నోరు మూసుకున్నాను.

వానలు వచ్చాయి. మెదడు అతకలేదు. మొదట్లో తలుపు తీస్తే కాక కళ్లు వెలుతురు వైపు తిరిగేవి. తర్వాత తిరగడం మానేశాయి. చేతివేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. చెంపలు గుంటలు పడ్డాయి. అవ్వ అన్నం కలిపి, ముద్ద చేసి, నోటిదాకా తెచ్చి, మళ్లీ పళ్లెంలో పెట్టేసేది.

"వాడు పోతుండు బిడ్డా," అంది ఒకసారి. "నా కండ్ల ముంగటనే పోతుండు. పట్టుకుందామంటే చేతికి దొరుకుతలేడు."

అప్పుడు వచ్చాడు ప్రేమ్‌చంద్. మొన్నటిదాకా దుబాయి వీసాలు ఇప్పించినవాడు, ఇప్పుడు పట్నంలో ఏదో క్లినిక్కుకు రోగులను పంపుతున్నాడు.

"స్టెమ్ సెల్స్ అంటరు పెద్దమ్మా. మూలకణాలు. బొక్కల మూలుగలకెళ్లి తీసి సూది ఇస్తరు. మెదడు చచ్చిన జాగల కొత్తది మొలుస్తది."

"మొలుస్తదా?"

ఆ ఒక్క మాట అవ్వకు ఎక్కింది. పసుపు ఊళ్లో పుట్టిన మనిషి కదా, విత్తనపు కొమ్ము మట్టిలో పెడితే మొలక రావడం చూస్తూ బతికింది.

"వాని బొక్కలల్ల ఏమున్నదిరా తీయనీకి? నాయి తీయుమను. ఎంత గావాల్నో గంత తీయుమను."

"నీకు వయసైపోయింది పెద్దమ్మా, పనికిరావు."

"వాన్ని కన్నది గీ బొక్కలే గదరా!"

ప్రేమ్‌చంద్ గురువారం కారు తెస్తానని చెప్పి వెళ్లాడు. ఆ సూది ఖర్చుకు ఆలూరు దగ్గరి మా చేను అమ్మడానికి అవ్వ ఎవరినీ అడగకుండానే సిద్ధపడింది. క్లినిక్కువాళ్లకు పాత స్కానింగులు కావాలంటే, ఇద్దరం వాటికోసం నిజామాబాద్ దవాఖానకు వెళ్లాం.

కాకకు ఆపరేషన్ అయినప్పుడు చూసిన డాక్టర్ విజయశ్రీ అక్కడే ఉంది. స్కానింగులు ఎందుకో విని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, మూలకణాల మీద పరిశోధన జరుగుతున్న మాట నిజమే. కానీ తలదెబ్బకు అదింకా వైద్యం కాలేదు. ఇప్పుడే నయం చేస్తామని సూది పొడిచేవాళ్లను నమ్మకండి. లోపల చీము పడితే ఉన్న మనిషి కూడా దక్కడు."

"ఎలుకలకు మంచిగైందట గద మేడం. గా ప్రేమ్‌చంద్ ఫోన్ల చూపిచ్చిండు."

"కొంత మెరుగైంది. మరి ఆ ఎలుకలను ఎక్కడ పెట్టారో చూపించాడా? కొన్నింటిని పెద్ద పంజరంలో పెట్టారు. తిరగడానికి చక్రాలు, దూరడానికి గొట్టాలు, ఆడుకోవడానికి వస్తువులు, తోడుకు వేరే ఎలుకలు. ఖాళీ డబ్బాలో ఒంటరిగా ఉన్నవాటికన్నా అవి బాగా కోలుకున్నాయి. కణాలు ఎక్కించినా, చుట్టూ సందడి ఉన్నప్పుడే ఎక్కువ గుణం కనిపించింది. మనుషులకూ అంతేనని నేను మాట ఇవ్వలేను. కానీ వెలుతురు, మాటలు, చేతికి పని, వీటితో ఎవరూ చావరు. ఇంతకీ మీ అబ్బాయిని ఇంట్లో ఎక్కడ ఉంచారు?"

అవ్వకు బదులు నేనే చెప్పాను. బాలింత అన్న మాట దగ్గర నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

"చేతులకు, కాళ్లకు వ్యాయామం చేయించాలని రమ్మన్నాం కదా, ఎందుకు రాలేదు?" అంది డాక్టర్.

"ఎండ తగుల్తదని," అంది అవ్వ, నేల చూస్తూ.

తిరుగు బస్సులో, ఆర్మూరు గుట్ట మీది నల్లరాళ్లు కనిపించాక అవ్వ అంది: "ఎలుకలకు ఆటసామాన్లు ఇచ్చిండ్రు. నేను నా కొడుకుకు దుప్పటి కట్టిన."

అలాగని గురువారం కారును మాత్రం వద్దనలేదు. ఆశ అంటే అదే కాబోలు. తప్పని తెలిసినా ఒక కాలు అటే ఉంటుంది. కారు వచ్చింది. కాకను ఎత్తడానికి ఇద్దరు మనుషులు కూడా వచ్చారు. అవ్వ గడపలో నిలబడి అడిగింది.

"సూది ఇచ్చినంక వాన్ని యాడ పండవెడతరు?"

ప్రేమ్‌చంద్ మొహం వెలిగిపోయింది. "ఏసీ రూం పెద్దమ్మా, సింగిల్! చీమ చిటుక్కుమన్నా ఇనవడది. నెల దాక ఎవ్వలను లోపటికి రానియ్యరు, నిన్ను సుత."

అవ్వ వెనక్కి తిరిగి అర్రలోకి ఒకసారి చూసింది.

"కారు వాపస్ తీస్కపో."

"క్లినిక్కుల మల్ల గీ నంబర్ దొరకది పెద్దమ్మా."

"గసొంటి అర్ర నేనే కట్టిన. మల్లొకటి చేను అమ్మి కొనాల్నా?"

కారు వెళ్లిపోయింది. అవ్వ కిటికీ దుప్పటిని మేకులతో సహా పీకేసింది. కాక మంచం అరుగు మీదికి వచ్చింది. తరిమేసిన ఆడవాళ్లను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. అంతటితో ఆగితే ఆమె గంగమణి ఎందుకవుతుంది? టీవీ పెట్టింది, రేడియో పెట్టింది, ఎవరిదో మేకను తెచ్చి మంచం కోడుకు కట్టింది. కాక దవడలు బిగుసుకుని ఒళ్లంతా వణికాడు. డాక్టర్ పంపితే వ్యాయామం చేయించడానికి ఇంటికి వచ్చే వినోద ఆ మేకను చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఒక్కటొక్కటి పెట్టు గంగమ్మా! ఏందిది, అంగడి పెట్టినవా?"

అప్పటి నుంచి పొద్దున ఎండ, మధ్యాహ్నం ఆడవాళ్ల ముచ్చట్లు, సాయంత్రం వేడి నీళ్ల కాపడం.

మా కాక లేచి నడిచాడని రాయాలని నాకూ ఉంది. నడవలేదు. వేళ్లు కొంచెం విచ్చుకున్నాయి. ఆడవాళ్లు పోట్లాడుకుంటే గొంతు పెద్దదైనవాళ్ల వైపు కళ్లు తిప్పుతాడు. చేతిలో బీడీలు చుట్టే తునికాకు పెడితే ఒక్కోరోజు పట్టుకుంటాడు, చాలా రోజులు జారవిడుస్తాడు. పొద్దున్నే అవ్వ అతని మొహం మీదికి వంగి, "నేనెవల్నిరా?" అని అడుగుతుంది. జవాబు రాదు. కాసేపు చూసి, "మీ అమ్మను," అని తనే చెప్పి, పక్కకు తిరిగి ముక్కు చీదుకుంటుంది.

నిన్న ప్రేమ్‌చంద్ మా వీధిలోంచి పోతూ, మెండోర ఊరి మనిషొకడు సూది వేయించుకుని లేచి కూర్చున్నాడని గట్టిగా చెప్పిపోయాడు. నిజమో కాదో మాకు తెలియదు. అవ్వ ఆకు కత్తిరిస్తున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

నేను ఉండబట్టలేక వెనకే వెళ్లాను. "అవ్వా, సూది ఇప్పిస్తే కాక లేస్తుండెనేమో. మనం తప్పు చేసినమా?"

"తప్పో ఒప్పో వాడు లేచినంక వాన్నే అడుగు. నీళ్లు కాగినయి, వచ్చి మీ కాక కాలు పట్టు."