ఎడమకంటికి వచ్చిన జవాబు

కర్ణాటక సరిహద్దులోని వై.ఎన్.హొసకోట హైస్కూల్లో మేష్టరుగా ఉన్నప్పుడు ఒక ఇన్సూరెన్సు ఏజెంటు మా స్టాఫ్‌రూముకు వచ్చాడు. ఏ ఆపరేషనైనా ఖర్చంతా కంపెనీయే భరిస్తుందని నమ్మించి, నాకూ నా భార్యకూ కలిపి పాలసీ రాయించాడు. రెండో ఏడు ఆమె పట్టపగలు ఇంటి మెట్టు కనపడక పడిపోయింది. బెంగళూరు తీసుకెళితే డాక్టరు నీటికాసులన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపునరం చచ్చిపోయే జబ్బు. కుడికంటికి లేజరు చాలు, ఎడమకంటికి మాత్రం త్వరగా ఆపరేషన్ చేయించమన్నాడు.

లేజరు అరగంటలో అయిపోయింది. ఆ సాయంత్రమే బస్సెక్కాం. కాగితాలు పంపితే కంపెనీ జవాబిచ్చింది: రోగి ఒక పగలూ రాత్రీ ఆసుపత్రిలో పడుకోలేదు కనుక డబ్బు రాదు. ఊరికే మంచమెక్కి పడుకుని ఉంటే ఇచ్చేవాళ్లన్నమాట! చదివి ఒళ్లు మండింది.

అందుకే ఆపరేషన్ సంగతి ముందే రాసి అడిగాను. విచారించి చెబుతామన్నారు. నెల దాటాక విచారణకని కంపెనీ పంపిన ఒకాయన మా ఇంటికొచ్చాడు. అనంతపురం వైపు మనిషి. ఆ ఏడు వానలు లేక మా వేరుశనగ చేను ఎండిపోయింది. అయినా విత్తనానికి దాచినవాటిలోంచి దోసెడు చెనిక్కాయలు వేయించి పెట్టింది నా భార్య. ఆయన తింటూ, ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"ఎన్నాళ్లనుంచి ఇట్లుండాది చెల్లీ?"

"నాలుగేండ్లు అయితాదన్నా. కాయలు ఒలిచేటప్పుడు ఎడమపక్కవి కనపడవు."

పొట్టు ఊదుకుని, ఆ మాటే రాసుకుని, కింద ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నేను ఆమె మీద విరుచుకుపడ్డాను.

"నీకు బుద్ధుండాదా? నిన్నమొన్న వచ్చిందని చెప్పకూడదా?"

"అడిగినాడు, చెప్పినాను. ఆయప్పతో అబద్ధమెందుకు చెప్పల్ల?" అంది.

మరో నెలకు ఉత్తరం వచ్చింది. జబ్బు పాలసీకంటే ముందుది, కాబట్టి చెల్లదట. దుక్కికి ఉన్న ఎద్దుల్ని అమ్మి బెంగళూరు పోయాం. ఆపరేషన్‌తో ఒత్తిడి దిగింది గానీ, పోయిన చూపు రాలేదు.

"చెప్పిన వెంటనే ఎందుకు రాలేదు?" అని డాక్టరు నన్నే అడిగాడు. ఉత్తరం కోసం కాచుక్కూర్చున్నామని చెప్పకుండా మందుల చీటీ అందుకున్నాను.

నవ్వుతూ మా ఇంట్లో తిని, ఆమె చెప్పిన నిజాన్నే ఆమెకు ఉరిగా వేసిన ఆ పెద్దమనిషిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాను. కానీ డాక్టరు ఆపరేషన్ చెప్పిన మొదటిరోజు కూడా ఎద్దులు మా కొట్టంలోనే ఉన్నాయి. అప్పుడే అమ్మి ఉండొచ్చు. నేను అమ్మలేదు.