టెంట్ కొనబోయిన రోజు

గల్ఫ్ వదిలి పూర్తిగా ఇంటికి వచ్చేసిన మొదటి ఏడాది నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. అక్కడ పెద్ద పెద్ద భవనాలకు ఇనుప పైపులతో పరంజా కట్టే పని చేసేవాణ్ణి. ఆ పని మానేసినా ఒంట్లోని హడావుడి మాత్రం పోలేదు. టీ సగం తాగి లేచేవాణ్ణి. టీవీ పెట్టి, అది మోగుతుండగానే గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చేవాణ్ణి. ఎవరి కోసం చూశానంటే చెప్పలేను. నా భార్య మిషన్ మీద జాకెట్లు కుడుతూ, నేను లేచిన ప్రతిసారీ తలెత్తి చూసేది.

నేను లేని కాలంలో ఆమెకు పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద నడవడం అలవాటైంది. వీధిలోని మరికొందరు ఆడవాళ్లతో కలిసి వెళ్లేది. ఒకరోజు కుట్టు ఆపి నావైపు తిరిగింది.

“మా వాకింగోళ్లంత మొగుడూ పెండ్లాలు కలిసి అడవికి పోతున్రు. పొద్దంత నడుసుడు, రాత్రి గాడనే టెంట్లల్ల పండుడు. క్యాంపింగ్ అంటరట. మనం గూడ పోదాం.”

ఆ మాట వినగానే నాకు చిరాకేసింది. నాకు తెలిసిన క్యాంపు ఒక్కటే. ఊరికి దూరంగా ఇసుకలో వరుసగా రేకుల గదులు, గదిలో ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతూ ఉండటం.

“గన్నేండ్లు క్యాంపులనే ఉంటి. ఇప్పుడు మల్ల గా క్యాంపుకే పోవాల్నా?” అన్నాను.

“గది నువ్వు పోయింది. నేనేడికి పోయిన?” అంది.

ఆ ఆదివారం ఇద్దరం బజారుకు వెళ్లాం.

ముందు చెప్పుల దుకాణానికి. ఆమె జీవితంలో ఎన్నడూ బూట్లు వేసుకోలేదు. పనిచేసే కుర్రవాడు సాక్సులు తొడుక్కోమని ఇస్తే చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తొడుక్కుంటూ తనలో తాను నవ్వుకుంది. తర్వాత బూడిదరంగు బూట్లు వేసుకుని దుకాణం ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. అద్దం ముందు ఆగి పాదం అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“చీర మీద మంచిగలేవు. ప్యాంటు గూడ తీసుకుంట,” అంది. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. నేను లేనప్పుడు అన్నీ తనే నిర్ణయించుకున్న మనిషి మరి.

నేను మాత్రం బల్ల చివర ఉన్న బరువైన నల్లబూట్లు చేతిలోకి తీసుకున్నాను. ముందు వైపు గట్టిగా, లోపల రేకు పెట్టినట్టు ఉన్నాయి.

“గవి పనికి పొయ్యే బూట్లు. మనం పనికి పోతలేం గదా,” అంది.

కుర్రవాడు తేలికైన జత తెచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక జనం, ముందు అట్టపెట్టెల గుట్ట. ఉక్కపోసింది. “ఇప్పుడే వస్త,” అని లేచి బయటపడ్డాను.

ఎక్కడికి వెళ్తున్నానో ఆలోచించలేదు. స్టీలు సామాన్ల కొట్టు, మిఠాయి కొట్టు, మెడికల్ షాపు దాటి బస్టాండ్‌లోకి వచ్చేశాను. “జేబీయెస్, జేబీయెస్” అని కండక్టర్ అరుస్తున్నాడు. సెలవు అయిపోయి గల్ఫ్ విమానం ఎక్కడానికి పట్నం వెళ్లినప్పుడల్లా నేను ఎక్కిన బస్సు అదే. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. కడ్డీ పట్టుకున్నాను.

“ఎక్కుతవా అన్నా, దిగుతవా?” అన్నాడు కండక్టర్.

దిగాను. బస్సు వెళ్లిపోయింది. ఆ పొగలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

“టెంట్ల దుకాణంల ఉన్న. జల్ది రా,” అంది నా భార్య. ఎక్కడికి పోయావని అడగలేదు.

అది రెయిన్‌కోట్లు, బ్యాగులు, రైతులకు వడ్లు ఆరబోసుకునే టార్పాలిన్లు అమ్మే దుకాణం. యజమాని తెల్లగడ్డం పెద్దాయన. మేడమీది గదిలో ఒక నీలం టెంట్ విప్పి నిలబెట్టించాడు. నేను వెళ్లేసరికి నా భార్య అందులో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పక్కన బూట్ల సంచులు రెండున్నాయి. నా జత కూడా తనే కొనేసింది.

“లోపలికి రా. సూడు, ఎంత జాగ ఉందో,” అని పిలిచింది.

వంగి లోపలికి దూరాను. కొత్త ప్లాస్టిక్ వాసన. తల పైకెత్తితే గుడ్డ నుదుటికి తగిలింది.

“జిప్ ఏస్తే దోమ గూడ రాదు భాయ్,” అంటూ పెద్దాయన బయటి నుంచి జిప్ లాగాడు.

అంతే. ఊపిరి అందలేదు. జిప్ కొస ఎక్కడుందో కనపడలేదు. రెండు చేతులతో గుడ్డను కొట్టాను. కర్ర వంగిపోయింది, టెంట్ ఒక పక్కకు ఒరిగింది. పెద్దాయన కంగారుగా జిప్ తీస్తే పాక్కుంటూ బయటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన మంచినీళ్ల సీసా చేతిలో పెట్టి, కిందికి వెళ్లిపోయాడు.

“ఏమైంది?” అని నా భార్య పక్కన కూర్చుంది.

చెప్పాను. ఎందుకో అప్పుడు నోరు పెగిలింది. క్యాంపులో నా పై మంచం మనిషిది మా పక్కనే ఉన్న నంగునూరు వైపు. ఒక తెల్లవారుజామున డ్యూటీకి లేపితే లేవలేదు. నిద్రలోనే పోయాడు. రాత్రంతా అతని కిందే నేను పడుకుని ఉన్నాను. ఆ వారంలోనే అదే మంచంలోకి ఇంకో మనిషి వచ్చాడు. ఆ తర్వాత పైన ఏదైనా దగ్గరగా ఉంటే నాకు కన్ను మూతపడేది కాదు.

“ఫోన్ల ఎన్నడు చెప్పకపోతివి,” అంది.

“చెప్తే నువ్వేం జేస్తవ్ ఈడికెల్లి?”

“ఏం జెయ్యకున్నా, వింటుంటి గదా.”

నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి, “చాచా, టెంట్ వద్దు. కిందేసుకునేటి చాపలుంటే చూపియ్యి,” అంది.

“చానా ఉన్నయ్ బేటీ, దిగి రా,” అన్నాడాయన.

అడవికి వెళ్లాం. అందరూ టెంట్లలో పడుకుంటే మేమిద్దరం బయట చాపలు పరుచుకున్నాం. నాకు నిద్ర ముక్కలు ముక్కలుగానే పట్టింది. మర్నాడు గుట్ట దిగే బాటలో నా అలవాటు కొద్దీ అందరినీ దాటి ముందుకు పోతుంటే, ప్యాంటు, బూట్లు వేసుకున్న నా భార్య ఆయాసపడుతూ వచ్చి అందుకుంది.

“గాడ వంటెవలు జేస్తుండె? బట్టలేడ ఆరేసుకునేటోళ్లు? సచ్చిపోయినాయిన పెండ్లాంకు ఎవలు జెప్పిన్రు?” అని ఒకదాని వెనక ఒకటి అడిగింది.

ఒక్కొక్కటే చెప్పాను. ఇప్పటికీ నాకు పూర్తిగా కుదురు వచ్చిందని అనను. కానీ ఆ రోజు గుట్ట దిగేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆమె వినాలంటే నేను మెల్లగా నడవక తప్పలేదు.