జేబులు ఖాళీ చేయించే ఫక్రుద్దీన్ భాయి

రియాద్‌లో ఉన్న మనవాళ్లలో బతా బజారు తెలియనివాళ్లు ఉండరు. అక్కడ సిమ్‌కార్డుల దుకాణాల వరుసలో, మన అన్నం పప్పు దొరికే మెస్సు పక్క మెట్లెక్కితే మేడ మీద ఒక పళ్ల క్లినిక్ ఉంది. లోపలికి వెళ్లగానే బల్ల వెనక గోరింటాకు గడ్డంతో ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆయనకి ముందు పన్ను ఒకటి లేదు. పళ్ల క్లినిక్‌లో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న మనిషికే పన్ను లేకపోతే ఎట్లా భాయీ అని ఎవరైనా అడిగితే, "నాకు సూదంటే భయంప్పా" అంటాడు. కొంచెమన్నా సిగ్గుపడడు. ఆయనే ఫక్రుద్దీన్ భాయి. సొంతూరు రాయచోటి.

సామాన్లు కడిగే పనికి వచ్చాడట మొదట్లో. ఇప్పుడు డాక్టరమ్మ పక్కన నిలబడి పట్టుకార్లూ సూదులూ అందిస్తాడు, ఆమె అరబ్బీలో చెప్పింది మనకి తెలుగులో చెప్తాడు, పాకిస్తాన్ వాళ్లకి ఉర్దూలో చెప్తాడు. ఇదంతా ఒక ఎత్తు, ఆయన అలవాటు ఒక ఎత్తు. కుర్చీ ఎక్కే ముందు ఎవరైనా సరే ఆయన ముందు జేబులు ఖాళీ చేయాలి. స్టీలు పళ్లెం ఒకటి ముందుకు తోసి, "అన్నీ తీసి దీంట్లో పెట్టప్పా" అంటాడు. ఫోను, తాళాలు, ఇఖామా గుర్తింపు కార్డు, వాచీ, అన్నీ. ఆయన నిజానికి వెతికేది మాత్రల కోసం. జబ్బు ఏమీ లేదన్నవాడి చొక్కా జేబులోంచి షుగరు మాత్రల అట్ట బయటపడితే ఆయన మొహం చూడాలి, పోలీసులు కూడా అంత సంబరపడరు.

ఇక నా సంగతి. నా పేరు ప్రభాకర్, మాది కోరుట్ల. జిప్సం సీలింగులు కడతాను. ఈ ఊళ్లో పెద్ద పెద్ద హాళ్లలో తలెత్తి చూస్తే కనిపించే పువ్వులు చాలావరకు నా చేతివే అని చెప్పుకోవడం నాకు అలవాటు. కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు మూత పడదు. ఇన్ని మాటలు మాట్లాడే నేను ఒక్క మాట మాత్రం మూడేళ్లు దాచిపెట్టాను.

మూడేళ్ల కిందట సెలవుకి ఇంటికి వెళ్లినప్పుడు ఉన్నట్టుండి పడిపోయాను. హైదరాబాదు తీసుకెళ్తే గుండెలో ఒక కవాటం పాడైందని, దాని స్థానంలో లోహపుది పెట్టారు. రోజూ రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలన్నారు, బతికినంత కాలం. నా భార్య స్వర్ణ నన్ను తిరిగి పంపనంది. బిడ్డ నర్సింగ్‌లో చేరింది, పంపక తప్పలేదు. ఒక్క షరతు పెట్టింది: కంపెనీకి చెప్పాలి, ఎత్తులు ఎక్కొద్దు. అట్లాగే అన్నాను. వచ్చాను. చెప్పలేదు. చెబితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారని భయం. గుండె ఆపరేషన్ అయినవాణ్ణి ఎవడు పనిలో ఉంచుకుంటాడు?

ఆ లోహపు కవాటంతో ఒక చిక్కుంది. అది చప్పుడు చేస్తుంది. పక్కన నిశ్శబ్దంగా ఉంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. మా గదిలో ఆరుగురం. మొదటి వారంలోనే రాజేశం బావ, "గా సప్పుడేందిరా?" అని అడిగాడు. మర్నాడే బతాకి వెళ్లి, దుకాణమంతా వెతికి, అన్నిటికన్నా గట్టిగా కొట్టుకునే వాచీ కొన్నాను. అప్పట్నుంచి అది నా చేతికి ఉండాల్సిందే, పడుకున్నా సరే. రోజూ వేసుకునేది బీపీ గోలి అని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇట్లా ఉండగా కింది దవడ పన్ను పుచ్చింది. చెంప బన్నులాగా ఉబ్బింది. గదిలో ఒకరు ఒకటి, మరొకరు ఇంకోటి చెప్పారు. రాజేశం బావ మాత్రం వాళ్ల చిన్నాయన కథ ఎత్తుకున్నాడు. ఆయన రక్తం పలచన చేసే గోలీలు వేసుకుంటూ పన్ను పీకించుకుంటే రెండ్రోజులు రక్తం ఆగలేదట. వింటుంటే నాకు చెమటలు పట్టాయి. నేనేమన్నా తక్కువవాణ్ణా, నాకు నేనే డాక్టరునైపోయాను. ఆదివారం నుంచి మాత్ర మానేశాను. రక్తం చిక్కబడ్డాక శుక్రవారం పోయి పీకించుకుంటే ఎవరికీ ఏమీ తెలియదని లెక్క వేసుకున్నాను.

శుక్రవారం నమాజు అయ్యాక క్లినిక్ తెరిచారు. నేను ముందే వెళ్లి నిలబడ్డాను. ఫక్రుద్దీన్ భాయి పళ్లెం ముందుకు తోశాడు. ఫోను పెట్టాను, తాళం పెట్టాను, ఇఖామా పెట్టాను, సగం తిన్న పల్లీ పట్టీ కూడా పెట్టాను. వాచీ విప్పి పెట్టాను. మాత్రలు గదిలోనే వదిలేసి వచ్చాను కదా, ధీమాగా నిలబడ్డాను.

"బీపీ ఉండాదా? షుగరు? గుండెకేమన్నా ఆపరేషన్ చేసినారా?"

"ఏం లేదు భాయ్, ఏం లేదు, ఏం లేదు. పన్ను పీకి పడేయుండ్రి, పొద్దుగాల డ్యూటీకి పోవాలె."

కుర్చీలో పడుకోబెట్టారు. డాక్టర్ ఇల్హామ్ సూడాన్ ఆమె, మెత్తగా మాట్లాడుతుంది. నోట్లో అద్దం పెట్టి చూస్తోంది. నా తల దగ్గర నిలబడ్డ ఫక్రుద్దీన్ భాయి ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"టిక్కు టిక్కుమంటాంది, ఏందదీ?"

"నా వాచీ భాయ్."

"వాచీ పళ్లెంలో ఉండాది గదప్పా." పళ్లెం తీసుకెళ్లి అవతల గదిలో పెట్టి వచ్చాడు. చప్పుడు ఆగలేదు. ఏసీ ఆపేశాడు. గదంతా నిశ్శబ్దమైపోయింది. నా గుండె ఆ సంగతి కనిపెట్టినట్టుగా మరింత గట్టిగా, మరింత గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఫక్రుద్దీన్ భాయి వంగి నా ఛాతీ దగ్గర చెవి పెట్టాడు.

"వాచీకి భయం పుట్టదు గదప్పా," అన్నాడు. "ఇది నువ్వు భయపడే కొద్దీ వేగం పెంచుతాండాది. ఎప్పుడు మార్చినారు వాల్వు?"

నేను దిగ్గున లేచి కూర్చున్నాను. "పన్ను పీకుడు మీ పని. గుండె నా సొంతం. పీకుతరా, పోవాల్నా?" అని గట్టిగానే అరిచాను.

"అరువుప్పా, బాగా అరువు. అరిచినాక చెప్పు, రక్తం మాత్ర వేసుకుంటాండావా?"

"మానేసిన. ఐదొద్దులాయె," అన్నాను గొప్పగా. మెచ్చుకుంటారనుకున్నాను! ఆయన ఆ మాట అరబ్బీలో చెప్పగానే డాక్టరమ్మ చేతిలో అద్దం పక్కన పెట్టేసింది. ఆమె మొహం చూశాక నా గొప్పంతా దిగిపోయింది.

అప్పుడు ఫక్రుద్దీన్ భాయి స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. తొమ్మిదేళ్ల కిందట కదిరి నుంచి వచ్చిన ముస్తాక్ అనే డ్రైవరు ఇదే కుర్చీలో కూర్చుని జబ్బేమీ లేదన్నాడట. పన్ను పీకించుకుని వెళ్లాడు. మర్నాడు నోట్లో గుడ్డలు కుక్కుకుని, చొక్కా అంతా రక్తంతో వచ్చాడు. జేబులో రక్తం పలచన చేసే మాత్రల అట్ట. ఆసుపత్రికి మోసుకెళ్లి బతికించారు.

"లేదన్నాడని ఆ పొద్దు నేను మళ్లీ అడగలేదప్పా. గుచ్చి అడిగింటే చెప్పేటోడేమో. అప్పట్నుంచి జేబులు తీయిస్తాండా."

"సూసినవా మరి! గందుకే గద నేను మానేసింది!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ముస్తాక్ ముందే చెప్పింటే కుట్లేసి, మందు గుడ్డ పెట్టి ఆపేటోళ్లం. నోట్లో రక్తం మాకు కనపడతాది, ఆపేదానికి చేయి పోతాది. నువ్వు మాత్ర మానేస్తే ఆ వాల్వు మీద గడ్డ కడతాది. ఆ గడ్డ మెదడుకు పోతే ఏ కుట్టేసి ఆపాల? పైగా ఈ పన్నులో చీముండాది. ముందు మందియ్యకుండా కెలికితే ఆ పురుగు పోయి వాల్వు మీద కూర్చుంటాది. పద, ఇప్పుడే ఆసుపత్రికి పోవాల."

ఆసుపత్రిలో చేరితే కంపెనీకి తెలియక మానదు. వద్దన్నాను. బతిమాలాను. నాకు ఎగ్జిట్ కొడితే బిడ్డ చదువు ఆగిపోతుందన్నాను. చివరికి ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను, నలభై ఆరేళ్ల మనిషిని. ఆయన ఓదార్చలేదు. పళ్లెంలోంచి నా ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు.

"నేను ఫోన్ చెయ్యనప్పా మీ కంపెనీకి. మేం చేసేది గాదు. నీ నోట్తో నువ్వే చెప్పుకోవాల. నీ బిడ్డకు నువ్వు చచ్చిపోయినావని ఫోన్ చేసే పని మాత్రం నాకు పెట్టొద్దు."

ఆ మాటకి కంపెనీకి ఫోన్ కలిపాను. మా ఇంజనీరు నాసిర్ జోర్డాన్ మనిషి. నాకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుని, నా గుండెలో ఇనుము ఉంది, మూడేళ్లయింది, అబద్ధం చెప్పాను అన్నాను. అవతల ఫోను పగిలిపోయేంత కేక. "మూడేళ్లుగా నా పరంజాల మీద ఎక్కుతున్నావా? మజ్నూన్, పిచ్చివాడా! అక్కడే ఉండు, కదిలావంటే చంపేస్తాను!"

ఎగ్జిట్ కాగితం పట్టుకునే వస్తాడనుకున్నాను. ముప్పావుగంటకి వచ్చాడు. కాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులు, కారు వెనక సీట్లో అన్నం మధ్యలో లేచొచ్చిన ఇద్దరు పిల్లలు. దారి పొడవునా తిడుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ పిల్లలు మాత్రం టిక్కు టిక్కుమంటున్న నన్ను వింతగా చూశారు.

ఆరు రోజులు ఉంచారు. పొద్దున సాయంత్రం పొట్టలో సూది. గడ్డ ఏమీ కట్టలేదన్నారు, ఇంకో వారం అట్లాగే ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. మంచం మీద నుంచి స్వర్ణకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మూడేండ్లు నాకు అబద్ధం జెప్పినవా? నేను దినాం దేవునికి మొక్కుడేంది, నువ్వు గా కట్టెల మీద ఎక్కుడేంది?" అని తిట్టింది. తిట్టి తిట్టి ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా ప్రాణం తేలికపడింది. మూడేళ్లలో ఆమెతో నిజంగా మాట్లాడింది ఆ రోజే అనిపించింది.

మూడో రోజు నాసిర్ వచ్చి మంచం చివర కూర్చున్నాడు. ఎగ్జిట్ లేదన్నాడు. నిచ్చెన కూడా లేదన్నాడు. ఇకమీదట నేల మీద నిలబడి పలకలు కోయడం, అచ్చులు పోయడం, కొత్తవాళ్లకి నేర్పడం. ఇంకో అబద్ధం దొరికితే తనే విమానం ఎక్కిస్తానన్నాడు. పైకెక్కి పువ్వులు కట్టే పని పోయిందని లోపల బాధేసింది, ఇప్పటికీ వేస్తుంది. నా పువ్వుల్ని ఇంకొకడు వంకరగా అతికిస్తుంటే కింద నిలబడి చూడటం అంత సులువేం కాదు.

మరో రెండు వారాలకి పన్ను పీకారు. మాత్ర మానకుండానే. గంట ముందు చీము మందు తన కళ్ల ముందే మింగించాడు ఫక్రుద్దీన్ భాయి, నోరు తెరిపించి నాలిక కింద కూడా చూశాడు. డాక్టరమ్మ పన్ను పీకి రెండు కుట్లు వేసి, మందులో తడిపిన గుడ్డ పెట్టి కొరకమంది.

"గంట సేపు నోరు తెరవొద్దు," అన్నాడు భాయి. "నీకు పన్ను పీకేదాని కన్నా ఇదే కష్టంప్పా." అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. తిరిగి ఒక మాటందామంటే నోట్లో గుడ్డ.

బయట బల్ల మీద కూర్చున్నాను. నా పక్కన ఒకతను క్లినిక్‌లో ఇచ్చిన జబ్బుల కాగితం నింపుతున్నాడు. ముప్పై, ముప్పై రెండేళ్లుంటాయి. ప్యాంటు నిండా రంగు మరకలు, ఎత్తు మేడలకి రంగులేసే మనిషిలాగా ఉన్నాడు. జబ్బులన్నిటికీ ఎదురుగా లేదు, లేదు, లేదు అని రాసుకుంటూ పోయాడు. ముందున్నవాళ్ల జేబులు ఖాళీ చేయిస్తుంటే ఓరకంట చూశాడు. మెల్లగా జేబులోంచి మాత్రల అట్ట తీసి, వంగి, సాక్సులో దోపుకున్నాడు.

ఓరి నీ! ఫక్రుద్దీన్ భాయి ఇన్నేళ్లలో సాక్సులు ఎప్పుడూ విప్పించలేదు.

ఊఁ ఊఁ అన్నాను. "ఏందన్నా, నొస్తుందా?" అన్నాడతను పాపం. కాదన్నట్టు తలూపి, అతని సాక్సు చూపించాను. అతని మొహం మాడిపోయింది, లేచి వెళ్లిపోబోయాడు. ఏం చేయాలో తోచలేదు. చొక్కా గుండీలు విప్పేశాను. మెడ కింద నుంచి పొట్ట మీది దాకా ఉన్న కోత మచ్చ అతనికి చూపించాను. తర్వాత అతని కాగితంలో గుండె జబ్బు అన్నచోట వేలు పెట్టి, నా ఛాతీ మీద పెట్టుకున్నాను. నేలను చూపించి, నన్నెవరూ పంపించలేదు, ఇక్కడే ఉన్నాను చూడు అన్నట్టు రెండు కాళ్లతో గట్టిగా తొక్కాను.

అతను చాలాసేపు ఆ మచ్చ వంకే చూశాడు. కూర్చున్నాడు.

"నాకు ఫిట్సన్నా," అన్నాడు చెవిలో. "ఏడాదికి ఒక్కపారి, రెండుపార్లు. ఇంట్ల తప్ప ఎవ్వలకు ఎరుకలేదు. చెప్తే పంపిస్తరన్నా."

అతనికి చెప్పాల్సింది నా దగ్గర గంటకి సరిపడా ఉంది. పంపించరని నేను ఒట్టు వేయలేను, కానీ ఫిట్స్ వచ్చేవాడు పన్నెండో అంతస్తులో తాడుకు వేలాడితే ఏమవుతుందో మాత్రం చెప్పగలను. ఒక్క మాటా అనే వీలు లేదు. చేయి పట్టుకుని లేపాను. అతను రెండడుగులు వేసి ఆగాడు, మళ్లీ వేశాడు. వదలకుండా ఫక్రుద్దీన్ భాయి దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాను.

"ఏందప్పా, మూగోడివి కూడా మనుషుల్ని పట్టుకొస్తాండావా?" అన్నాడు భాయి నన్ను చూసి నవ్వుతూ. అతని వైపు తిరిగి, "చెప్పుప్పా," అన్నాడు.

అతను నా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత గదిలో అందరికీ వినపడేటట్టు అన్నాడు. "నా పేరు స్వామి. నాకు ఫిట్సున్నయి."