పోనాను అంటే పోయాను

టీచరమ్మగారు పోయారన్న కబురు నాకు ఫోన్లో, ఒక సినిమా పోస్టరు కింద వచ్చింది. మా భిలాయి తెలుగు సినిమా అభిమానుల గ్రూపులో ఎవరో "సెక్టర్ 4 తెలుగు టీచరమ్మ ఇక లేరు" అని పెట్టారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. పది నిమిషాలు తిరక్కుండానే ఒకడు ఆ పోస్టరులోని సినిమాకు రెండో భాగం ఎప్పుడని అడిగాడు. దండాలు పెట్టిన చేతులే దానికీ జవాబులు రాశాయి. నేను ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరుతూ బూటు లేసు కట్టుకుంటున్నాను. ఒక బూటు కట్టి అలాగే కూర్చుండిపోయాను. ఆవిడ బతికుండగా నేను చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పలేదు. వినవలసిన మనిషి ఇప్పుడు లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టిన నాలాంటి వాళ్ళకు హిందీ వీధి భాష, తెలుగు వంటింటి భాష. ఆ వంటింటి భాషకు అక్షరాలున్నాయని మాకు చూపించింది ఆవిడే. బళ్ళో తెలుగు చదివే పిల్లలు తగ్గి క్లాసు ఎత్తేసినా ఆవిడ మానలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా క్వార్టరు వరండాలో కూర్చుని నవలలు చదివి వినిపించేవారు. మా లైన్లో ఆడవాళ్ళు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేవారు. ఎవరైనా "ఆ వర్ణన వదిలేసి కథలోకి రండి టీచరమ్మా" అంటే, "పుస్తకంలో గెంతులెయ్యకూడదమ్మా, కాలిరుగుతాది" అనేవారు. పుస్తకాలన్నింటికీ పాత క్యాలెండర్ల అట్టలు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు.

మాటల్లో ఆవిడది అచ్చమైన విజయనగరం. రాతలో మాత్రం కర్కోటకురాలు. నేను నోటుబుక్కులో "నాను బడికి ఎల్లినాను" అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టి చెవి మెలిపెట్టారు. "ఏటిరా ఈ రాత? నోట్లో నాను, కలంలో నేను. తెలిసిందా?" అన్నారు. ఆవిడ చెప్పే రెండో మాట ఇంకా కటువుగా ఉండేది. "తెలీకపోతే అడుగు. లేనిది అల్లకు."

ఎక్కువసార్లు చదివింది మాత్రం ఒకే నవల. శ్రీకాకుళం వైపు నుంచి భర్తతో ఫ్యాక్టరీ ఊరికి వచ్చిన ఒక ఆడమనిషి కథ. భర్త కొడతాడు. ఆమె ఏళ్ళ తరబడి ఓర్చి, చివరకు ఒకనాడు వంటింటి బొగ్గుతో తలుపు మీద రెండే ముక్కలు రాసి రైలెక్కుతుంది. "నానెల్లిపోనాను." నవల అక్కడితో ఆఖరు. ఆ వాక్యం చదవగానే టీచరమ్మగారు పుస్తకం మూసి, ఎవరి మొహమూ చూడకుండా, "ఉండండి, టీ ఎడతాను" అని లోపలికి వెళ్ళిపోయేవారు. చెవి మెలిపెట్టించుకున్నవాణ్ణి కదా, ఒకసారి నేను ఊరుకోలేక అడిగాను. "ఆమె రాతలో నాను అని రాసింది. తప్పు కాదా టీచరమ్మా?" "ఆ ఒక్కచోట తప్పు కాదురా. ఇల్లిడిసి పోయీటప్పుడు మనిసి కలంతో రాయదు, నోటితోనే రాస్తాది" అన్నారు.

ఆవిడ వయసులో ఉండగా ఒక ట్రంకుపెట్టెతో ఒక్కరే ఇక్కడ రైలు దిగారని మా అమ్మ చెప్పేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆ నవలే సినిమా అయింది. సినిమాలో ఆమె బొగ్గు చేత్తో పట్టుకుంటుంది, భర్త వస్తాడు, కాళ్ళ మీద పడతాడు, ఒక పాట, ఆమె బొగ్గు పొయ్యిలో పడేసి అన్నం వడ్డిస్తుంది. మా గ్రూపు నిపుణులకు పూనకం వచ్చింది. నిపుణులని వాళ్ళను ఎవరూ నియమించలేదు, వాళ్ళే నియమించుకున్నారు. సినిమా అచ్చు నవలేనని, నిర్మాత డబ్బిచ్చి పెట్టుకున్న వకీలైనా అంత గట్టిగా వాదించడు. నవల ఎవడూ చదవలేదు. చదవలేదు గనుక ఎవడికీ అనుమానాలు లేవు. ఆ మందలో నేనూ ఉన్నాను. నాలుగు రివ్యూలు రాసి నలుగురు భేష్ అనేసరికి నాకూ కొమ్ములు మొలిచాయి. నవల విన్నవాణ్ణి కావడం వల్ల మందలో నాకు పెద్దపీట.

తెలుగువాళ్ళ హాల్లో సినిమా మీద చర్చ పెట్టారు. మా నిపుణుల్లో పెద్ద, అందరూ భయ్యా అని పిలిచేవాడు, నవల ఆఖరి పేజీ ఫొటో తెర మీద వేశాడు. ఇంట్లో హిందీ తప్ప మాట్లాడని మనిషి. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు.

"నానెల్లి... పో... నా... ను. దేఖా? పో, నా. నా అంటే నహీ. నేను పోను అంటోంది! డైరెక్టర్ ఏమీ మార్చలేదు భాయ్. ఒరిజినల్ సోల్ పట్టుకున్నాడు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరసలోంచి టీచరమ్మగారు లేచారు.

"మార్చుకోండి నాయనా. సినిమా మీది, మీ ఇష్టం. పుస్తకంలో అలగే ఉందని మాత్రం సెప్పకండి. పోనాను అంటే పోయాను. ఎల్లిపోనాది ఆ మనిసి."

"ఆంటీజీ, వో పురానీ తెలుగు, పాతకాలంది. ఆడియన్స్‌కి ఏం అర్థమైతే అదే మీనింగ్" అన్నాడు భయ్యా. హాలు నవ్వింది.

ఆవిడ అతన్ని వదిలేసి నా వైపు తిరిగారు. నేను వేదిక పక్కన మైకు పట్టుకుని నిలబడ్డాను.

"ఒరే, మీ నాన్న డూటీ నుంచొచ్చి బూట్లిప్పుతూ ఏటనీవోడు? సెప్పు."

మా నాన్న రిటైరయ్యేదాకా ప్రతిరోజూ గుమ్మంలో కూలబడి అన్న మాట అది. "అలిసిపోనానే." ఆ మాట వింటూ పెరిగాను. అలిసిపోను అనలేదు మా నాన్న. అలిసిపోయాడు. అది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు.

"రెండు అర్థాలూ రావచ్చు టీచరమ్మా" అన్నాను మైకులో.

ఎందుకన్నానో కారణాలు వెతకను. మంద ముందు చిన్నబోవడం ఇష్టం లేక అన్నాను, అంతే. ఆవిడ సంచి భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ లేచి మాట్లాడిన ముక్కను వీడియో చేసి, కింద "గ్రామర్ బుఢియా", అంటే వ్యాకరణం ముసల్ది, అని రాసి ఊరంతా తిప్పారు. నేను దాన్ని ముందుకు పంపలేదు. ఆపనూ లేదు. ఆ తర్వాత ప్లాంటుకు ఆవిడ క్వార్టరు ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఒకసారి కూరగాయల బజార్లో ఎదురుపడితే, "డూటీకేటిరా? బేగెల్లు, టైమైపోతాది" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం భయ్యా అదే వీడియోకు ఏడుపు సంగీతం తగిలించి, "అభిప్రాయ భేదాలున్నా గొప్ప మనిషి" అని పెట్టాడు. అభిప్రాయమట! ఒళ్ళు మండిపోయి గ్రూపులో రాశాను: "పోనాను అంటే పోయాను. ఒక్కటే అర్థం. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను." కాసేపటికి జవాబు వచ్చింది. "భాయ్, మనిషి పోయిన టైంలో ఈ టాపిక్ అవసరమా?" దానికి పదిమంది బొటనవేళ్ళు ఎత్తారు.

క్వార్టరు ఖాళీ చెయ్యడానికి ఆవిడ చెల్లెలి కూతురు విజయనగరం నుంచి వచ్చింది. పుస్తకాలు ఎవరికి కావలసినవి వాళ్ళను తీసుకోమంది. "మీ పెద్దమ్మ నాకు చదువు చెప్పారమ్మా" అన్నాను. "అలగా? అయితే ముందు మీరే ఏరుకోండి" అంది. ఆ మర్యాదకు తల ఎత్తలేకపోయాను. క్యాలెండరు అట్ట వేసిన ఆ నవల ఒక్కటే తెచ్చుకున్నాను.

ఆఖరి పేజీ తెరిచాను. "నానెల్లిపోనాను" అన్న అచ్చు వాక్యం కింద, పెన్సిలుతో, టీచరమ్మగారి గుండ్రటి అక్షరాల్లో ఒకే మాట ఉంది.

"నానూ."

జన్మలో ఒక్కసారి కూడా కలంలో నాను రాయనివ్వని మనిషి. పెన్సిలు ఎంత నొక్కి రాశారో, పేజీ తిప్పితే వెనకవైపు ఖాళీ కాగితం మీద ఆ రెండక్షరాలూ ఉబ్బెత్తుగా వేలికి తగులుతున్నాయి.