నాకొక్కడికే చెప్పిన మాట

చాలా ఏళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు కనుక నీకు చెబుతున్నాను.

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే దోహా వస్తుంది. తెల్లటి ధూళి, ఆ ధూళిలో సగం కట్టిన టవర్లు. వాటి కింద నేల ఉన్నట్టే అనిపించదు. ఎక్కడో ఆన్సెల్మ్ పాడుతూ ఉంటాడు. ముఖం మాత్రం కనిపించదు.

గ్యాస్ డబ్బుతో ఆ ఊరు రోజురోజుకూ పైకి లేస్తున్న కాలమది. అల్ రయ్యాన్ దగ్గర కూలీల క్యాంప్‌లో అతనిదీ నాదీ ఒకే గది. అతనిది ఆఫ్రికాలో బురుండి. కొండ మీద ఇల్లు, చుట్టూ అరటితోట. ఖతార్‌లో సెలవు శుక్రవారం కనుక ఆదివారానికి బదులు ఆ రోజే ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రార్థనకు వెళ్ళేవాడు. టీ తెస్తే ముందు తానొక గుక్క తాగి కప్పు నా చేతికిచ్చేవాడు. ఎంగిలని మొదట్లో ముఖం చిట్లించాను. అందులో విషం లేదని చూపించడం వాళ్ళ మర్యాదట. తర్వాత అలవాటైంది. నిజం చెప్పనా, ఇష్టమైంది.

ఒకరోజు మన అలవాటు కొద్దీ అడిగాను, మీ కులమేంటని. లేచి తలుపు మూశాడు. తర్వాత మెల్లగా "హుటూ" అన్నాడు. అది కులం కాదట, వాళ్ళ జాతి. వాళ్ళ నాన్న బడిపంతులు, చర్చిలో పిల్లలకు ప్రార్థనలు నేర్పేవాడు. హుటూల్లో చదువుకున్నవాళ్ళను ఏరుకుంటూ వచ్చిన సైనికులు ఆయన్ని లారీ ఎక్కించారు. మళ్ళీ రాలేదు. మీరెవరని అడిగితే క్రైస్తవులమని మాత్రమే చెప్పమని అమ్మ నేర్పిందట. ఎవరికీ అనొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు ఫోర్‌మన్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. అది అతనికే వస్తుందని అందరూ అనుకున్నారు. నేనేం తక్కువ అనుకున్నానా? లేదు. తక్కువేనని తెలుసు. అందుకే ఆ పని చేశాను.

బురుండి పక్క దేశంలో హుటూలు కొందరు జరిపిన మారణకాండను టీవీలో చూసినవాళ్ళు క్యాంప్‌లో చాలామంది. మా సూపర్‌వైజర్ కూడా మా జగిత్యాల వైపు మనిషే. ఆయనతో అన్నాను: "సార్, ఆన్సెల్మ్ ఉన్నడు గద, హుటూ అంట. టీవీల చూపెట్టిన్రు గద, నరికినోళ్ళు, ఆళ్ళల్ల మనిషే. పారిపోయి వచ్చిండట."

అతని దేశం వేరని, చనిపోయింది అతని తండ్రేనని తెలుసు. తెలిసే అన్నాను.

వారం తిరక్కుండానే క్యాంపంతా పాకింది. అతని పక్కన కూర్చుని తినేవాళ్ళు లేరు. అతను చాపిన కప్పు ఎవరూ అందుకోలేదు. నేనూ అందుకోలేదు. అతన్ని ఎడారిలో దూరపు సైటుకు మార్చారు. పోస్టు నాకొచ్చింది.

బస్సెక్కే ముందు నా దగ్గరికొచ్చాడు.

"భాయ్, కౌన్ బోలా?" ఎవరు చెప్పారని అడిగాడు.

"మాఫీ మాలూమ్, భాయ్." నాకు తెలియదన్నాను.

తలూపాడు. నా తల మీద చెయ్యి పెట్టి తన భాషలో ఏదో ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. నన్ను అసలు అనుమానించలేదా? లేక తెలిసే ఆ ప్రార్థన చేశాడా? ఆ మాట నాకొక్కడికే కదా చెప్పాడు, ఇంకెవరు చెప్పగలరని అతనికి తోచకుండా ఉంటుందా? ఇన్నేళ్ళూ దీని చుట్టూనే తిరుగుతున్నాను.

ఇప్పుడతను ఎక్కడున్నాడో తెలియదు. నువ్వు క్షమించినా అది నాకు చెల్లదు. రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆన్సెల్మ్ ఎవరినీ చంపలేదు. ఆ అబద్ధం పుట్టించింది నేనే.