పంచాంగానికి కలిపిన చంద్రుడు

1984 మే 13, ఆదివారం ఉదయం పదిన్నరకు ఆ వాచీ మా ఇంటికి వచ్చింది. మామిడి కోతల రోజులు. చేతులకు సొన అంటి ఉందని, మా ఆయన రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటే గాని ముసునూరు మాస్టారు పెట్టె తెరవనివ్వలేదు. మాస్టారు బడిలో లెక్కలు చెప్పేవారు, మా ఆయనవి తోటలు. ఇద్దరినీ కలిపింది పాత స్విస్ వాచీల పిచ్చి.

అప్పటికి ఇంట్లో ఆరున్నాయి. ఇది ఏడోది, ఓడల్లో పనిచేసి విజయవాడలో స్థిరపడ్డ ఒక ఇంజినీరు దగ్గర కొన్నది. వారం, తేదీ, నెల చూపేది. స్టాప్‌వాచీ కూడా ఉండేది. డయలు అడుగున చిన్న కిటికీలో, నీలి రేకు మీద బంగారు చంద్రుడు రోజూ కాస్త జరిగేవాడు. బ్యాటరీ లేదు, పొద్దున్నే కీ ఇస్తే చాలు. మాస్టారు వెనక మూత విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని లోపలి చక్రాల్ని ఒక్కొక్కటే చూసేవారు.

"ఇదంతా పళ్ళచక్రాల లెక్కేనండీ. ఎవరో కూర్చుని ఆకాశాన్ని భాగించాడు," అన్నారు ఒకసారి.

నాకూ చూపించారు. బియ్యపు గింజకన్నా చిన్న మరమేకుల అంచులు కూడా నునుపు చేసి ఉన్నాయి, ఎవరూ చూడని చోట. నాకు నచ్చింది అదే.

చిక్కల్లా మా అత్తగారితో. ఆవిడకు పంచాంగమే ప్రమాణం.

"ఏరా, నీ చంద్రుడికి ఇవాళ తిథి ఏంటో తెలిసినట్టు లేదే?"

"నడుస్తున్నాడమ్మా, వస్తాడు."

"ఇంత పోసి కొన్నావు. ఎప్పుడొస్తాడో తెలీకపోతే ఎట్లారా?"

తిథి ఒకటి పెరుగుతుంది, ఒకటి తరుగుతుంది. వాచీలో చంద్రుడు మాత్రం రోజూ ఒకే అడుగు వేస్తాడు. అమ్మ దగ్గర తన వాచీ మాటపడటం మా ఆయన ఓర్చుకోలేకపోయేవారు. వాచీ పక్కనున్న సన్న గుంటలో పుల్లతో నొక్కి చంద్రుణ్ణి తిథికి కలిపేవారు. ముందుకైతే ఒక నొక్కు. వెనక్కి పోడు కాబట్టి, ఒక రోజు తగ్గించాలంటే నెలంతా చుట్టించి తేవాలి.

"అన్నిసార్లు నొక్కితే అరిగిపోతుందండీ," అనేవారు మాస్టారు. "రాత్రి ఎనిమిది దాటాక అసలు ముట్టుకోకండి. లోపల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి."

1987 ఫిబ్రవరి 13, మాఘ పున్నమి. తోటలో పూతకు మందు కొట్టించి మా ఆయన ఎనిమిదిన్నరకు వచ్చారు. అత్తగారు వరండాలో కూర్చుని ఉన్నారు.

"పైన నిండాడు. నీ దగ్గర ఇంకా అంచు దాచుకునే ఉన్నాడు," అన్నారు.

ఆయన పుల్ల తీశారు.

"ఇప్పుడొద్దండీ, పొద్దున చూసుకోవచ్చు," అన్నాను.

"ఒక్క నొక్కేగా."

చంద్రుడు నిండాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు ముగ్గురం విన్నాం.

ఆదివారం మాస్టారు మూత తీసి చూశారు. "ఆ రాత్రి దాటితే తనే నిండేవాడండీ," అన్నారు, కోపంగా కాదు. చంద్రుణ్ణి తిప్పే చక్రానికి పన్ను విరిగింది, అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకలేదు.

"పోనీలేరా, మనింట్లో ఇంక రోజూ పున్నమే," అన్నారు అత్తగారు. ముందు నవ్వింది మాస్టారే. మా ఆయన కీ ఇవ్వడం మానలేదు.

పోయినవి: చక్రానికి ఒక పన్ను, చంద్రుడి నడక, మూత తీసినప్పుడు జారి దొరక్కుండా పోయిన ఒక మరమేకు. వారం, తేదీ, నెల, స్టాప్‌వాచీ పోలేదు.