ఫోనులో పట్టని వరుస

ఆ వానాకాలం ఏలూరు మీద మబ్బు పట్టి వదల్లేదు. వాన పడదు, ఎండ రాదు, ఆకు కదలదు. నేను తాడేపల్లిగూడెంలో ఒక చేపల మేత కంపెనీలో వెబ్‌సైటు చూసే ఉద్యోగం చేస్తున్నాను. రోజూ రైల్లో వెళ్ళి రావడం. మా కంపెనీ రైతుల చెరువుల్లో మీటర్లు పెట్టింది. నీళ్ళ వేడి, పీహెచ్, ఆక్సిజన్ ఎంతున్నాయో అవి పంపిస్తే వెబ్‌సైట్లో పట్టికలా కనపడతాయి. రైతులు ఫోన్లలో చూసుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున్నే ముదినేపల్లి దగ్గర మా మేనమామ చెరువుకి వెళ్ళాను. నీళ్ళు ఆకుపచ్చగా, చిక్కగా, నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. గట్టు పొడుగునా కొంగలు దేనికోసమో కాచుకుని నిలబడ్డాయి.

"నీళ్ళు బాగున్నాయా మావయ్యా?"

"బాగానే ఉన్నాయమ్మా. మీ వాళ్ళు చూపిస్తున్నారుగా," అని ఫోను నా చేతిలో పెట్టారు.

చెరువు పేరు, టైము, వేడి, పీహెచ్. అక్కడితో స్క్రీను అయిపోయింది. వేలితో పక్కకి జరిపాను. జరగలేదు. ఆఫీసులో నా పెద్ద మానిటరు మీద ఆ పట్టికకి ఇంకో వరుస ఉంటుంది. ఫోను అడ్డంగా తిప్పాను. ఆక్సిజన్ అంకె బాగా పడిపోయి, ఎర్రగా బయటికొచ్చింది.

"ఇది ఎప్పుడైనా చూశారా మావయ్యా?"

"లేదే! అదెక్కడిది?"

ఆయన తలెత్తి చెరువు వైపు చూశారు. దూరంగా నీటి మీద గాలి కోసం చిన్న చిన్న నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆయన పరుగున వెళ్ళి నీళ్ళు చిమ్మే ఇంజను వేశారు. మనిషిని పడవెక్కించి ఆక్సిజన్ గుళికలు చల్లించారు. ఎండెక్కాల్సిన వేళకి చేపలు కిందికి దిగాయి.

నేను గట్టు మీంచే మేనేజరుగారికి ఫోన్ చేశాను.

"నాకు బాగానే కనపడుతోందండీ," అన్నారాయన.

"మీరు ల్యాప్‌టాప్‌లో చూస్తున్నారండీ. ఫోనులో చూడండి."

"సోమవారం చూద్దామండీ," అన్నారు.

సోమవారం పట్టిక విప్పి చూస్తే దాని వెడల్పు పెద్ద తెరకి సరిపడా పిక్సెళ్ళలో బిగించేసి ఉంది. ఇప్పటి బ్రౌజర్లన్నిటికీ తెలిసిన సీఎస్ఎస్ గ్రిడ్ అనే పద్ధతితో, తెర సైజుని బట్టి తనంతట తనే సర్దుకునేలా రాశాను. ఆక్సిజన్‌ని అన్నిటికన్నా పైకి తెచ్చాను. భోజనాల వేళకి పనైపోయింది. కానీ కంపెనీ సైట్లన్నిటికీ అచ్చులాంటి టెంప్లేటు ఒకటే. అందులో గీత మార్చాలన్నా హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. వాళ్ళు మా వంతు వచ్చినప్పుడు చూస్తామన్నారు.

ఊరుకోలేక ఒక్కొక్క రైతుకీ నేనే ఫోన్లు చేశాను. కొందరు వెంటనే తిప్పి చూసుకున్నారు. కొందరు నేను మందులమ్మే మనిషిననుకుని పెట్టేశారు. గుండుగొలను వైపు చెరువులున్న మా మావయ్య వియ్యంకుడుగారు మాత్రం మర్యాదగా నవ్వారు.

"ఫోను తిప్పితే నీళ్ళు మారిపోతాయా అమ్మా? మీ సైటులో అంతా బాగానే ఉందిగా. పెద్ద కంపెనీ, ఊరికే పెడతారా?"

ఎంత చెప్పినా ఆయన నన్నే ఓదార్చారు.

మార్పుకి అనుమతి వచ్చేలోపే మావయ్య ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి గుండుగొలను చెరువు ఒడ్డంతా తెల్లగా ఉంది. దగ్గరికెళితే ఆ తెలుపు చేపల పొట్టలు. కూలీలు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని ట్రాక్టరుకెత్తుతున్నారు. వియ్యంకుడుగారు గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ రోజు నువ్వు చెప్పావమ్మా," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకా ఏమేం కనపడట్లేదు మాకు?" అని అడిగారు.

తెలియదనే చెప్పాను.

ఆఫీసుకొచ్చి కూర్చోగానే చేపల మందుల పేజీ తెరిచి, దాన్ని ఫోనంత ఇరుకు చేశాను. మందు పేరుంది, జబ్బు పేరుంది. ఎకరానికెంత వెయ్యాలో లేదు. మేనేజరుగారిని పిలిచి ఆయన ఫోనులోనే చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఒక్కో పేజీ తెరుస్తూ పోయాం. ఏది తెరిచినా కుడిపక్కన ఏదో ఒకటి తెగిపోయే ఉంది.